ఒక వానాకాలం ఆగమన్నాను

మా ఇంట్లో మాటకు ఎప్పుడూ కరువు లేదు. మా నాన్న మణుగూరులో బొగ్గుబాయి పని చేసేవాడు. మిషన్ల మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతు, ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగినా పక్క క్వార్టర్ వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. ఆ పోలిక నాకే వచ్చింది. గట్టిగా మాట్లాడతాను, ఎక్కువ మాట్లాడతాను, ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే నాకు అర్థమైపోయిందనుకుంటాను. కోపం సంగతి చెప్పనే అక్కర్లేదు, ముక్కు మీదే ఉంటుంది. అలాంటి మనిషికి గవర్నమెంటు వాళ్లు టీచర్ ఉద్యోగం ఇచ్చి, పెదవి విప్పని పిల్లల దగ్గరకు పంపించారు.

మా బడి భద్రాచలం వైపు అడవిలో ఒక కోయగూడెంలో ఉంది. బస్సు దిగాక ఆరు కిలోమీటర్ల మట్టిరోడ్డు, మధ్యలో ఒక వాగు. వాగు పొంగితే బడి బంద్. పిల్లలు ఇంట్లో మాట్లాడేది కోయ భాష. వాళ్లకు తెలుగు వారం వారం సంతలో వినపడుతుంది, బస్సు కండక్టర్ నోట వినపడుతుంది, ఆ తర్వాత నా నోట వినపడుతుంది. జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు గోడకు ఆనుకుని కూర్చుని నా మొహం చూస్తారు తప్ప మాట్లాడరు. మొదటి ఏడాది నేను బెదిరిపోయాను. గొంతు పెంచితే వింటారేమోనని పెంచాను. మర్నాటి నుంచి ఇద్దరు బడికి రావడం మానేశారు.

తర్వాత మెల్లగా నాకే తెలిసొచ్చింది. ఆ పిల్లలు ఊరికే కూర్చోవడం లేదు, వింటున్నారు. ఒక వానాకాలమంతా వింటారు. వానలు వెలిసి దసరా సెలవులు అయ్యాక ఒక్కొక్కరే మొదలుపెడతారు. చలికాలం వచ్చేసరికి "టీచర్, వీడు నన్ను గిచ్చిండు" అని చాడీలు చెప్పేంత తెలుగు వస్తుంది. చాడీలు చెప్పడం వచ్చిందంటే భాష వచ్చినట్టే.

అప్పటి నుంచి "ఒక వానాకాలం ఆగండి" అనేది నా మంత్రమైంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు వచ్చి ఈ పిల్లలు మొద్దులు మేడం అంటే నాకు ఒళ్లు మండేది. నిన్ను తీసుకుపోయి ఒడిశాలో ఏదో ఒక బడిలో కూర్చోబెడితే నువ్వేం పొడుస్తావో చూస్తానని ముఖం మీదే అనేదాన్ని. మండలం మీటింగుల్లో లేచి నిలబడి ఇదే చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా నిజమైంది కూడా. ఆ గూడెం నుంచి చదువుకుని పైకి వెళ్లిన పిల్లలు ఇప్పటికీ సంతలో కనపడితే ఆగి పలకరిస్తారు. నా గర్వమంతా ఆ మాట మీద నిలబడి ఉండేది.

ఆ పాప ఒకటో తరగతిలో చేరిన ఏడాది వానలు జోరుగా ఉన్నాయి. చిన్న పిల్ల, పెద్ద కళ్లు, నూనె పెట్టి గట్టిగా అల్లిన రెండు జడలు. చురుకైనది. అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేది, పలకలు పంచేది, ఎవరి పలక ఎవరిదో గుర్తుపెట్టుకునేది. మాట మాత్రం లేదు. నేను పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడమే నా పద్ధతి కదా.

జూలైలో ఒక రోజు వాళ్లమ్మ పాప చెయ్యి పట్టుకుని బడి గుమ్మం దగ్గరకు వచ్చింది. ఆ ఊళ్లో అదొక ఆనవాయితీ. పిల్లను బడిలో వేసిన మొదటి నెలలో తల్లి వచ్చి, మా పిల్లకు తెలుగు రాదు, కొట్టకు అని టీచర్‌కు చెప్పి పోతుంది. పదేళ్లలో అలాంటి తల్లులను చాలామందిని చూశాను. ఈమె కూడా కోయలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పాప పెదవుల మీద వేలు పెట్టి చూపించింది, ఇంటి వైపు చూపించింది, మళ్లీ పెదవులు చూపించింది. మధ్యాహ్నం భోజనం వండే అక్క అదే గూడెం మనిషి, పది అడుగుల దూరంలో పొయ్యి దగ్గరే ఉంది. కేకేస్తే వచ్చి తెలుగులో చెప్పేది. నేను కేకెయ్యలేదు. ఆ తల్లి ఏం చెప్తుందో నాకు తెలుసు కదా. భుజం తట్టి, నవ్వి, సంత తెలుగులో నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పాను.

"భయపడకమ్మా. ఒక వానాకాలం ఆగు. అదే మాట్లాడుతది."

ఆమె పాప చెయ్యి వదిలింది. తర్వాత తల ఊపి వెళ్లిపోయింది.

ఆ వానాకాలం పోయింది. తోటి పిల్లలు చాడీలు మొదలుపెట్టారు. ఈ పాప మొదలుపెట్టలేదు. కొందరికి రెండు వానాకాలాలు పడతాయిలే అనుకున్నాను. రెండో తరగతిలో అక్షరాలు చూసి ముత్యాల్లా రాసేది. బొమ్మ చూపించి ఏంటని అడిగితే పక్కపిల్ల చెప్పేసేది, నేను సరే అనేదాన్ని. భోజనాల దగ్గర కంచం పట్టుకుని నిలబడితే వంటక్క కళ్లు చూసి మళ్లీ వడ్డించేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ పాప అడగకుండానే మా బడిలో రోజులు వెళ్లిపోయాయి. అందరం అంత మంచివాళ్లం.

ఒక మీటింగులో ఆ పాప గురించి చెప్పాను కూడా. ఏడాదిన్నరగా ఒక్క మాట మాట్లాడని పిల్ల నా దగ్గర ఉంది, నేను ఒక్కసారి కూడా ఒత్తిడి చేయలేదు, ఓపిక అంటే ఇదీ అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పుడు ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది.

ఆ పాప మూడో తరగతిలో ఉండగా మా తమ్ముడి కూతురికి రెండున్నరేళ్లు నిండాయి. దానికింకా మాట రాలేదని ఇంట్లో గోల మొదలైంది. మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాసింది. మరదలు ఏడ్చింది. మాటలకు కరువు లేని వంశంలో మాట రాని పిల్లేంటని మా నాన్న ఊరంతా వినపడేలా బాధపడ్డాడు. చివరికి ఖమ్మంలో పిల్లలకు మాట నేర్పే థెరపిస్టు ఒకావిడ ఉందని తెలిసి మరదలు బయలుదేరింది. దారిలో పిల్లను ఎత్తుకోవడానికి నేను తోడు వెళ్లాను. రెండున్నరేళ్ల పిల్ల కోసం ఇల్లంతా కదిలిందన్న సంగతి అప్పుడు నాకు వింతగా తోచలేదు.

ఆవిడ చాలా ప్రశ్నలు అడిగింది. దాహమైతే ఎలా చెప్తుంది? రెండు మాటలు కలిపి ఎప్పుడైనా అందా? చేత్తో చూపించకుండా చెప్తే అర్థం చేసుకుంటుందా? మరదలు ఒక్కోదానికి జవాబు చెప్తుంటే నేను కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాను. అప్పుడు మరదలు తన మనసులో ఉన్న భయం బయటపెట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడి ఫోన్‌లో ఇంగ్లిషు రైమ్స్ పెట్టినందుకే ఇలా అయిందా అని అడిగింది. దానికి ఆవిడ చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"రెండు భాషల వల్ల ఏ పిల్లకూ మాట ఆగదమ్మా. కొత్త భాష ముందు పిల్లలు కొన్నాళ్లు నోరు మూసుకుంటారు, అది మామూలే. కానీ అలాంటి పిల్ల ఇంటికి పోతే సొంత భాషలో గలగలా మాట్లాడుతుంది. ఇంటి భాషలో కూడా మాట రాకపోతే అది వేరే సంగతి. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు."

మరదలి ఒళ్లోంచి పిల్ల నా మీదకు దూకింది. నేను పట్టుకోలేదు. అది కింద పడబోతే మరదలే అందుకుంది.

తిరుగు ప్రయాణంలో పాల్వంచలో బస్సు ఆగింది. షిఫ్టు దిగినవాళ్లు టిఫిన్ బాక్సులతో ఎక్కి సీట్ల కోసం తోసుకుంటున్నారు. నాకు బడిలోని ఆ పాప తప్ప ఏదీ కనపడటం లేదు. రెండేళ్లకు పైగా నా ఎదురుగా కూర్చుంది. ఆ థెరపిస్టు అడిగిన ప్రశ్నల్లో ఒక్కదానికైనా నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో, తన భాషలో, వాళ్లమ్మతో ఎలా మాట్లాడుతుందో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. పన్నెండేళ్లకు పైగా ఆ గూడెంలో ఉద్యోగం చేసి నేను నేర్చుకున్న కోయ మాటలు చేతివేళ్లు దాటవు. పిల్లలు నా భాషలోకి రావాలని ఓపికగా ఎదురుచూశాను, అంతే. నేను వాళ్ల భాషలోకి ఒక్క అడుగు వెయ్యలేదు. నా ఓపికంతా కూర్చున్న చోటి నుంచే.

మర్నాడు బడి వదిలాక వంటక్కను తీసుకుని పాప ఇంటికి వెళ్లాను. తల్లి వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి కంగారుగా మంచం వాల్చింది. నేను అడగమన్న మాట వంటక్క కోయలో అడిగింది. తల్లి చాలాసేపు చెప్పింది. చెప్తూ పాపను చూపించింది, పక్కన ఆడుకుంటున్న నాలుగేళ్ల కొడుకును చూపించింది. వాడు ఆగకుండా ఏదో వాగుతూనే ఉన్నాడు.

"ఇంట్ల గూడ గంతేనంట మేడం," అంది వంటక్క. "చిన్నప్పటి సంది గంతే. ఒక్క మాట అంటది, రెండో మాట రాదు. చెప్పిందంత సమజ్ అయితది గని తిరిగి చెప్పరాదు. చిన్నోడే అక్క తరపున చెప్తడంట."

నీకు ఈ సంగతి ముందే తెలుసా అని వంటక్కను అడిగాను. ఆమె తెల్లబోయింది. ఊరందరికీ తెలుసు మేడం, మీకు కూడా తెలుసనుకున్నానంది.

ఇక్కడ నా గుణం చూపించాను. తప్పు నాదని కడుపులో తెలుస్తూనే ఉంది, అయినా కోపం తల్లి మీదకు పోయింది. ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదని గద్దించాను. వంటక్క దాన్ని కోయలో చెప్పబోయింది. అవసరం లేకపోయింది. ఆమెకు నా మాట అర్థమైంది. తనే తెలుగులో, వెతుక్కుంటూ చెప్పింది.

"బడికి వచ్చి చెప్పిన గద మేడం. నువ్వు ఆగమన్నవ్. ఆగినం."

ఆ గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. డాక్టరు రోజుకు రెండు గోళీలు వేసుకోమంటే వేసుకున్నాం అన్నట్టు చెప్పింది. గూడెం పెద్దాయన ఒకాయన పట్నం దవాఖానాకు తీసుకుపొమ్మన్నాడట కూడా. టీచర్ ఆగమంది, ఆమెకు తెలియదా అని వీళ్లే ఆగిపోయారట. ఆ మాట వంటక్క చెప్పింది. పాపను దవాఖానాకు తీసుకుపోదామని తల్లికి చెప్పమన్నాను. వాకిలి అంతా ఇప్పపువ్వు వాసన.

జిల్లా కేంద్రంలో ఉన్న దవాఖానాకు నలుగురం వెళ్లాం. నేను, వంటక్క, తల్లి, పాప. పాప బస్సు కిటికీ దగ్గర కూర్చుని దారి పొడవునా నా చెయ్యి తట్టి ఒక్కొక్కటీ చూపించింది. లారీ, వంతెన, పొగగొట్టం. నేను పేరు చెప్తే పెదవులు కదిపేది. మొదటి అక్షరం దాకా వచ్చి ఆగిపోయేది. ఆ ప్రయత్నం చూడటానికే కష్టంగా ఉండేది. మూడో ఏడు నడుస్తున్నా ఆ పెదవులు అంత దగ్గరగా నేను చూడలేదు.

ముందు చెవులు పరీక్ష చేశారు. వినికిడి బాగుంది. తెలివితేటలు బాగున్నాయి. నాలుకలో, గొంతులో ఏ లోపమూ లేదు. భాష ఎదిగే తీరులోనే ఇబ్బంది ఉందని అక్కడ పనిచేసే థెరపిస్టు అమ్మాయి చెప్పింది. విన్నది లోపలికి వెళ్తుంది కానీ, మాటలను వరసగా కూర్చి బయటకు తేవడం ఈ పిల్లకు దానంతటది రాదు, నేర్పాలి అంది. కొన్ని మాటలు తప్పక వస్తాయి. ఇంట్లో కోయలోనే మాట్లాడండి, ఎక్కువ మాట్లాడండి, బొమ్మలు చూపించండి అంది. అంతా విని నేనే అడిగాను, రెండేళ్ల ముందు తీసుకొస్తే ఎలా ఉండేదని. చిన్నప్పుడు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు మేడం అని మర్యాదగా చెప్పింది.

తర్వాత ఫారం ముందు పెట్టుకుని తల్లి వైపు తిరిగింది. ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంతకాలం ఎందుకు తీసుకురాలేదని అడిగింది. తల్లి నా వైపు చూసింది. నేను బల్ల మీదకు చూశాను.

"మాకు తెల్వలే," అంది తల్లి.

థెరపిస్టు రాసుకుంది. తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం మా ఉద్యోగంలో అందరికీ వస్తుంది. తల్లిదండ్రులు ఆలస్యంగా గుర్తించారు అని ఉంది. కాదు, తల్లి గుర్తించింది, టీచర్ దగ్గరకు వచ్చి చెప్పింది, నేనే వినలేదు అనాలి. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నా గొంతు మా నాన్న గొంతు, గదులు అదిరే గొంతు. ఆ రోజు రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. కూతురి వయసున్న ఆ అమ్మాయి నన్ను మేడం అంటోంది, పాపను తీసుకొచ్చిన మంచి టీచర్ అనుకుంటోంది. ఆ మంచిపేరు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

బస్టాండులో తల్లి, పాప అరటిపండ్లు కొనడానికి వెళ్తే వంటక్కను అడిగాను, ఆమె అలా ఎందుకు చెప్పిందని. వంటక్క ముందు మాట దాటేసింది. మళ్లీ అడిగితే చెప్పింది.

"మీకు కోపం ఎక్కువని ఊరందరికి ఎరుకే గద మేడం. నీ వల్లే గిట్లయిందని అక్కడ అంటే మీరు అలిగి మల్ల తీస్కరారని భయపడ్డది. మీరు రాకుంటే ఈడ ఎవరితో ఏం మాట్లాడాల్నో ఆమెకు తెల్వది."

నేను మళ్లీ తీసుకెళ్లాను. నెల నెలా తీసుకెళ్తూనే ఉన్నాను. వంటక్క దగ్గర కోయ నేర్చుకుంటున్నాను. నీళ్లను ఏరు అంటారని తెలుసు, ఇప్పుడు నీళ్లు కావాలా అని అడగడం కూడా వచ్చింది. నా ఉచ్చారణ విని ఒకటో తరగతి పిల్లలు పడి పడి నవ్వుతారు. నవ్వనీ. కొత్తగా చేరిన ప్రతి పిల్ల ఇంటికీ మొదటి వారమే వెళ్లి, ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అడుగుతున్నాను. పాప ఇప్పుడు ఐదో తరగతి. మూడు మాటలు కలుపుతుంది. నాలుగో మాట కోసం ఆగి నా మొహం చూస్తుంది. మా తమ్ముడి కూతురు అప్పుడే పరుగు అందుకుంది, ఐదేళ్లయినా నిండకముందే ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వడం లేదు. అది ఫోన్‌లో గలగలా కథలు చెప్తుంటే నాకు సంతోషంగానే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు బాగుండదు.

ఆ రోజు థెరపిస్టు రాసిన కాగితం ఫైలులో అలాగే ఉంది. తల్లికి చదువు రాదు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వాన తడవకుండా చీర కొంగు కప్పి తీసుకొస్తుంది. దవాఖానాలో మనుషులు మారుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు మొదట ఆ కాగితమే చదువుతారు.

పోయిన నెల ఇంకొక కొత్త అమ్మాయి వచ్చింది. ఈసారి చెప్పేయాలని రెండు రోజులుగా మాటలు కూర్చుకుని వెళ్లాను. ఆ అమ్మాయి ఫైలు తిరగేసి, ఇంత ఆలస్యంగానా పిల్లను తీసుకొచ్చేది అని తల్లిని కాస్త గట్టిగానే మందలించింది. నేను నోరు తెరిచేలోపే తల్లి జవాబు చెప్పేసింది.

"మాకు తెలియలేదండి."

ఆ అమ్మాయి సరేనని పాపను లోపలికి పిలిచింది. తలుపు మూసుకుంది. తల్లి నాతో మాట్లాడే తెలుగు ఇప్పటికీ ముక్కలు ముక్కలుగానే ఉంటుంది, సగం మాటలు దొరక్క చేతులు తిప్పుతుంది. ఆ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా తడబడకుండా, చివర 'అండి'తో సహా వచ్చింది. పద్నాలుగేళ్లుగా ఆ గూడేనికి తెలుగు నేర్పుతున్నది నేనే.